ప్రశ్నపత్రంలో అంకెలు, అక్షరాలు: లేటెక్‌లో సొంత జాబితాలు



కిందటేడు మన బడి పరీక్ష పేపరులో ఆఖరి నిమిషంలో మధ్యలో ఒక ప్రశ్న చేర్చాం. నంబర్లన్నీ చేత్తో దిద్దాం గానీ, “9వ ప్రశ్నలోని పట్టిక చూడండి” అన్న మాట అలాగే ఉండిపోయింది. పట్టికేమో 10వ ప్రశ్నకు జరిగింది. పిల్లలు తికమకపడ్డారు. తప్పు మాదే కనుక ఆ మార్కులు అందరికీ కలిపాం. అప్పటినుంచి పేపర్లు లేటెక్‌లో తయారుచేస్తున్నాం. ప్రాజెక్టులకు, బడి పత్రికకు మీకూ పనికొస్తుందని ఈ వివరాలు ఇస్తున్నాను.

లేటెక్ అంటే

ఇది ఉచితంగా దొరికే అచ్చుకూర్పు వ్యవస్థ. డొనాల్డ్ నూత్ తయారుచేసిన ‘టెక్’ ఆధారంగా లెస్లీ లాంపోర్ట్ 1980లలో రూపొందించారు. మీరు విషయం రాస్తే చాలు, వరుస సంఖ్యలు అదే వేస్తుంది. అంకెల జాబితాలో మామూలుగా 4 అంచెలుంటాయి: అంకెలు, ఇంగ్లీషు చిన్నక్షరాలు, చిన్న రోమన్ అంకెలు, ఇంగ్లీషు పెద్దక్షరాలు. మన అ, ఆలు అందులో లేవు. వాటిని మనమే చేర్చుకోవాలి.

చేసే పద్ధతి (ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి)

1. తెలుగు యూనికోడ్ ఫాంటు పెట్టుకుని, ఫైలును జీలేటెక్‌తో గానీ లువాలేటెక్‌తో గానీ నడపండి.
2. ‘ఎన్యూమ్‌ఐటెమ్’ ప్యాకేజీని చేర్చండి.
3. ‘న్యూలిస్ట్’ ఆదేశంలో జాబితా పేరు, రకం (అంకెలదా, చుక్కలదా), ఎన్ని అంచెలో చెప్పండి.
4. ‘సెట్‌లిస్ట్’లో గుర్తు రూపం, ఎడమవైపు ఖాళీ చెప్పండి. చుక్కకు బదులు గీత, నక్షత్రం ఏదైనా పెట్టుకోవచ్చు.
5. తెలుగు అక్షరాలకు ‘ఇఫ్‌కేస్’తో ఒక ఆదేశం రాయండి: 1 అయితే అ, 2 అయితే ఆ, ఇలా. దాన్ని ‘యాడ్‌ఎన్యూమరేట్‌కౌంటర్’తో నమోదు చేయండి.
6. మధ్యలో సూచన వచ్చి జాబితా ఆగితే, తర్వాతి జాబితాకు ‘రెజ్యూమ్’ అని చేర్చండి. సంఖ్య మళ్లీ 1కి పోదు.

జాగ్రత్తలు

• మీరు 4 అక్షరాలే ఇచ్చి 5వ అంశం రాస్తే అక్కడ అక్షరం రాదు, తప్పు ఉందని హెచ్చరికా రాదు. మీరే చూసుకోవాలి.
• వేరే ప్రశ్నను సూచించాలంటే నంబరు టైపు చేయకండి. ఆ ప్రశ్నకు ‘లేబుల్’ పెట్టి, సూచించే చోట ‘రెఫ్’ వాడండి. ఫైలును రెండుసార్లు నడిపితే సరైన సంఖ్య పడుతుంది.
• ఒక పేపరులో రెండు లిపుల గుర్తులు కలపకండి. “జవాబు ఈ” అని చదివితే తెలుగులో అది 4వది, ఇంగ్లీషులో 5వది. పిల్లల మార్కు అక్కడే పోతుంది.