పురంజనుని పురము - జారిపోవు యౌవనము



యౌవనము నిలువదని చెప్పని కవి మన దేశమున అరుదు. మెరుపు, నీటిబుడగ, తామరాకుపై నీటిబొట్టు - ఈ ఉపమానములను మనము విని విని, ఇప్పుడు వినియు విననట్లే యుందుము. అలవాటైన ఉపమానము చెవిని తాకును గాని మనస్సును తాకదు. ఇది యెరిగియే కాబోలు, శ్రీమద్భాగవతమున వ్యాసభగవానుడు ఉపమానముతో ఆగక ఒక కథనే కల్పించెను. అదియే చతుర్థస్కంధమందలి పురంజనోపాఖ్యానము. 15వ శతాబ్దిలో పోతనామాత్యుడు దానిని తెనుగున మనకు అందించెను.

ప్రాచీనబర్హి మహారాజు యజ్ఞకర్మలలో మునిగియుండగా నారదమహర్షి వచ్చి ఈ కథ చెప్పెను. పురంజనుడను రాజు తొమ్మిది ద్వారముల పురమును చూచి, అందొక సుందరిని వరించి, భోగములలో మునిగెను. యౌవనమంతయు అరక్షణమువలె గడచెను. అంతట చండవేగుడను గంధర్వరాజు 360 మంది తెల్లని గంధర్వులతో, అంతమంది నల్లని గంధర్వస్త్రీలతో వచ్చి పురమును దోచసాగెను. ఆ 720 మందిని ఐదు తలల సర్పమొక్కటే నూరేండ్లు ఎదిరించి అలసిపోయెను.

రాజు విని, తనకు బోధపడలేదనెను. అప్పుడు నారదుడే గుట్టు విప్పెను. పురము దేహము, చండవేగుడు సంవత్సరము, గంధర్వులు పగళ్లు, స్త్రీలు రాత్రులు, సర్పము ప్రాణము.

ఈ లెక్క భాగవతముతో పుట్టినది కాదు. ఋగ్వేద ప్రథమమండలము 164వ సూక్తమున కాలచక్రముపై 720 మంది పుత్రులు జంటలుగా నిలిచి కనిపింతురు. తొమ్మిది ద్వారముల పురము అథర్వవేదమున, గీత 5వ అధ్యాయమున కలదు. కఠోపనిషత్తు మాత్రము ద్వారములు 11 అనును. వేదమున పుత్రులైనవారు పురాణమున దోపిడిగాండ్రైరి! సంఖ్య మారలేదు, చూచు చూపు మారినది. ఋషి చక్రమును దూరమునుండి చూచెను. పురంజనుడో కోటలోపల ఉన్నాడు.

ఇక వార్ధక్యమును చూపిన తీరు మరింత విచిత్రము. ఆమె కాలుని కుమార్తె, కాలకన్య. వరునికై ముల్లోకములు తిరిగినది. ఎవరును చేపట్టరు కనుక దుర్భగ యని పేరు. నారదుడు కాదనగా, ఆయన ఒకచోట నిలువకుండునట్లు శపించినది. తుదకు భయుడను యవనరాజు ఆమెను చెల్లెలిగా స్వీకరించి, తమ్ముడైన ప్రజ్వరుని తోడిచ్చి పంపగా, పురంజనుని బలాత్కారముగా కౌగిలించినది. ముదిమిని శత్రువుగా గాక, ఎవరికిని అక్కరలేని పెండ్లికూతురుగా చూపుటలో భయముతోపాటు కొంత జాలియు కలదని మాకు తోచును.

ఆమెను మనసారా చేపట్టినవాడొకడు కలడని వ్యాసభాగవతము చెప్పును. అతడు పూరుడు. తండ్రియైన యయాతికి శుక్రశాపమున ముదిమి రాగా, నలుగురన్నలు నిరాకరించినదానిని ఈ కనిష్ఠుడు పుచ్చుకొని తన యౌవనమును ఇచ్చెను. 11వ శతాబ్దిలో నన్నయభట్టారకుడు ఆదిపర్వమున తెనిగించిన కథయిది. వేయేండ్లు అనుభవించియు తనివి తీరని యయాతి దానిని తిరిగి ఇచ్చివేసెను. నవమస్కంధమున ఆయనయు దేవయానికి తన సంగతిని సూటిగా చెప్పలేదు, బావిలో పడిన ఆడుమేకను వరించిన మేకపోతు కథగా చెప్పెను. బావిలోనుండి తాను పైకి తీసిన భార్యకు ఆ సూచన తెలియకుండునా!

మన ప్రవచనములలో తరచు ద్వారముల పేర్లు, వాని అర్థములు వరుసగా చదివి కథ ముగింతుము. తాళపుచెవి చేతికిచ్చి కోటలోనికి పంపకుండుట వంటిదది. నారదుడు మొదట కథను పూర్తిగా నడిపెను. రాజు తాను అడవిలో వేటాడు పురంజనుని చూచుచున్నాననుకొనెను. చూచుచున్నది తన్నేయని తరువాత తెలిసినది.

తెలిసిన పిమ్మట ప్రాచీనబర్హి, ప్రజారక్షణము పుత్రులదని ఆజ్ఞయిచ్చి, తపస్సునకై కపిలాశ్రమమునకు వెడలెను.