పొడి అదే, రోగమే వేరు

మొన్న ఆస్పత్రిలో ఉన్న మా ఆడపడుచును చూడబోతూ దారిలో హార్లిక్స్ సీసా కొన్నాను. బత్తాయిలెన్ని పట్టుకెళ్ళినా, ఆ సీసా లేకపోతే పలకరింపు పూర్తయినట్టుండదు కదండీ మనకి! "ఇవన్నీ ఎందుకొదినా" అంటూనే నలుగురికీ కనబడేలా మంచం పక్కన పెట్టించింది. అక్కడ అప్పటికే మూడున్నాయి లెండి.

ఇంతకీ అది బలమని మనకెవరు చెప్పారు?

జేమ్స్, విలియం హార్లిక్ అనే అన్నదమ్ములు ఇంగ్లండులో పుట్టి, 1873లో అమెరికాలోని చికాగోలో వ్యాపారం పెట్టారు. మొలకెత్తిన బార్లీకి పిండిని చక్కెరగా మార్చే గుణం ఉంది. దాన్ని గోధుమపిండితో కలిపి, పాలు చేర్చి, నీరంతా ఇగిర్చి పొడి చేశారు. 1883లో పేటెంటూ వచ్చింది. రాగులు నానేసి, మొలకకట్టి, ఎండబెట్టి విసిరిన మన అమ్మమ్మలకి పేటెంటు సంగతి తట్టలేదంతే! పసిపిల్లలకీ, రోగులకీ తేలిగ్గా అరిగే ఆహారమని అమ్మారు. పాలు నిలవుంచడం కష్టమైన ఆ రోజుల్లో అది సబబైన మాటే.

కానీ పసివాళ్ళూ రోగులూ ఎంతమందని ఉంటారు? అందుకని 1930లలో బ్రిటన్లో ప్రకటనలు రాసేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా ఓ జబ్బు పుట్టించారు. 'రాత్రి ఆకలి'ట! నిద్రలో ఒంట్లో శక్తి హరించుకుపోతుందిట, పొద్దున నీరసం అందుకేట, పడుకోబోయే ముందు ఓ కప్పు తాగితే సరిట. వైద్యులెరగని ఈ జబ్బును పత్రికల్లో బొమ్మల కథలుగా వేశారు. పొద్దున్నే నీరసంగా లేవని ఇల్లాలెవరండీ? నమ్మకేం చేస్తారు!

మన దేశంలో 1960లో పంజాబులోని నాభాలో, గేదెపాలతో తయారీ మొదలైంది. తరవాత మన ధవళేశ్వరంలోనూ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ నిద్ర పట్టడానికి తాగేది, ఇక్కడ నిద్రలేచి బడికెళ్ళే పిల్లల పాలయింది. పొడుగూ, బలమూ, చురుకూ అన్నీ వస్తాయన్నారు. ఆ ప్రకటనే ఓ నేపాలీ చానెల్ ద్వారా బ్రిటన్లో ప్రసారమైతే, 2008లో అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆపించింది. అది బంగ్లాదేశ్ కోసం తీసింది, పొరపాటున ఇక్కడ వచ్చిందని కంపెనీ జవాబు. అంటే ఇంగ్లండులో పొడుగవని పిల్లలు బంగ్లాదేశ్‌లో అవుతారన్నమాట!

మన 2006 నాటి ఆహార చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే మాటకి నిర్వచనమే లేదు. 2024లో ప్రభుత్వం ఆ మాట మీద పట్టుబట్టాక, హార్లిక్స్‌ను కూడా 'హెల్త్' వర్గం నుంచి తీసి వేరే పేరు కింద చేర్చారు.

అలాగని అది విషమేం కాదు. ఇనుమూ అయొడినూ చాలని పిల్లలకి వాటిని కలిపిన పొడి ఏదైనా కాస్త ఉపయోగమే. పప్పూ గుడ్డూ తినే పిల్లాడికి మాత్రం, గ్లాసులో బలమంతా చాలావరకు పాలదే.

మా పనమ్మాయి కొడుక్కి ఏదో బలం పొడి పాకెట్టు తెచ్చి నీళ్ళలో కలిపిస్తోందిట, పాలు కొనలేక. "ఆ డబ్బుతో గుడ్లు కొనవే" అన్నాను పెద్ద తెలిసినదానిలా.

అది చీపురు ఆపి, మా వంటింటి అలమార కేసి చూసింది. "మరి మీ మనవడికి మీరు ఇస్తారు కదమ్మగారూ?"