పెంకుపురుగు వేషము

1940వ సంవత్సరమున అమెరికా దేశపు రేడియో శ్రోతలు ‘బ్లూ బీటిల్’ అను నాటకమాలికను వినుచుండిరి. ఆ మాటకు నీలి పెంకుపురుగు అని అర్థము. ఆ వేషము ధరించి దొంగలను పట్టు ఒక పోలీసు యువకుని కథ అది. తొలి భాగములలో ఆ వీరునికి గొంతు నిచ్చినవాడు ఫ్రాంక్ లవ్‌జాయ్ అను నటుడు. కొన్ని భాగములు గడచిన పిమ్మట ఆ పాత్ర మరియొక నటునికి సంక్రమించెను. అతని పేరును ఎవరును ప్రకటింపలేదు. గొంతు మారినది, పాత్ర పేరు మారలేదు. వేషము కంటికి కనబడని రేడియోలో సైతము పేరొక్కటి నిలిచిన చాలు, పాత్ర నిలుచునని నిర్మాతల నమ్మకము.

ఈ ప్రసంగమునకు విషయము ఆ వీరుడు కాడు. అదే పురుగు పేరు పెట్టుకొని వీరులకు ఎదురు నిలిచిన వేరొక వర్గము కలదు. మార్వెల్ ప్రచురణ సంస్థవారి బొమ్మల కథలలో ‘బీటిల్’ అను పేరును 1964 మొదలుకొని ముఖ్యముగా ముగ్గురు ధరించిరి. ఒకడు ఏబ్నర్ జెంకిన్స్ అను యంత్రపనివాడు. రెండవది లైలా డేవిస్ అను స్త్రీ. మూడవది జానిస్ లింకన్ అను న్యాయవాది. ఈ ముగ్గురికిని రక్తసంబంధము లేదు; గురుశిష్య సంబంధమును లేదు. ఉన్నది పేరొక్కటే.

పిల్లలు చదువుకొను బొమ్మల కథలకు చరిత్ర యేమున్నదని పెద్దలు అడుగవచ్చును. నెలనెలా అచ్చుపడుచు 60 ఏండ్లు సాగిన కథలో, ఒక్క పేరు క్రింద మనుష్యులు మారుచు వచ్చినప్పుడు, కాలము ఆ మార్పులలో తన గుర్తులను విడువక మానదు. అంతకంటె ముఖ్యముగా, ఈ పేరు పుట్టిన చోట కల్పన కాని ఒక నిజమైన మనుష్యుని బాధ దాగియున్నది.

ముందుగా పురుగు సంగతి. జీవకోటిలో పెంకుపురుగులది మిక్కిలి పెద్ద కుటుంబము. శాస్త్రజ్ఞులు ఇంతవరకు వర్ణించిన జాతులే సుమారు 4,00,000. వీటి ముందరి రెక్కల జత గట్టిపడి పెంకు కాగా, ఎగురుటకు పనికివచ్చు పలుచని రెక్కలు దాని క్రింద మడిగి యుండును. కవచము, విమానము రెండును ఒకే దేహమున అమరిన ప్రాణి ఇది. వేషము వెదకుకొను కథకునికి ఇంతకు మించిన నమూనా దొరకదు. పురుగుల పేర్లు ప్రతినాయకులకు అప్పటికే కొత్త కావు. బాట్‌మాన్ కథలలో 1951లో ‘కిల్లర్ మాత్’ అను చిమ్మటయు, 1952లో ‘ఫైర్‌ఫ్లై’ అను మిణుగురును బయలుదేరినవి. సింహము పేరు, డేగ పేరు పరాక్రమమును చాటును. పురుగు పేరు పెట్టుకొన్నవాడు మాత్రము, లోకము తన్ను కాలిక్రింది ప్రాణిగా చూచుచున్నదని తానే ఒప్పుకొని, ఆ లోకముపై పగ తీర్చుకొనదలచినట్లుండును.

మొదటి బీటిల్ ఆ కోవకు చెందినవాడే. 1964 ఆగస్టు తేదీతో వెలువడిన ‘స్ట్రేంజ్ టేల్స్’ పత్రిక 123వ సంచికలో అతడు కనబడెను. రచన స్టాన్ లీ. బొమ్మలు కార్ల్ బర్గోస్. ఏబ్నర్ జెంకిన్స్ విమాన భాగములు తయారుచేయు కర్మాగారములో ఆరితేరిన పనివాడు. చేతిలో విద్య ఉన్నది. జీతము స్వల్పము, పని విసుగు, నేర్పును గుర్తించువారు లేరు. తుదకు తన విద్యనంతటిని ధారపోసి, రెక్కలతో ఎగురగల కవచమును, పట్టిన దానిని విడువని చేతి తొడుగులను తానే నిర్మించుకొనెను. ధనమును, కీర్తిని కోరి ‘హ్యూమన్ టార్చ్’, ‘థింగ్’ అను ఇద్దరు వీరులతో తలపడెను; ఓడి చెరసాలకు పోయెను. ఆ రోజుల కథలలో లోకమునంతటిని ఏలదలచిన దుష్టులకు కొదువ లేదు. జెంకిన్స్ కోరినది లోకాధిపత్యము కాదు. తన పనితనమును నలుగురును చూడవలెనన్నది అతని కోరిక. దానికి అతడు పట్టిన దారి నేరము.

ఇక ఈ పాత్రకు రూపమిచ్చిన కార్ల్ బర్గోస్ సంగతి చెప్పవలసి యున్నది. ఆయన 1916లో న్యూయార్కున జన్మించెను. 1939 అక్టోబరు తేదీతో ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచిక వెలువడినపుడు, 23 ఏండ్ల బర్గోస్ అందులో ఒక విచిత్ర పాత్రను సృష్టించెను. ఒక శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేసిన కృత్రిమ మానవుడు. గాలి సోకిన వెంటనే భగ్గున మండును. వానికి పెట్టిన పేరు హ్యూమన్ టార్చ్, అనగా మనిషి రూపములోని కాగడా. ఆ సంస్థకు తొలినాటి కీర్తిని తెచ్చిన పాత్రలలో అది ఒకటి. యుద్ధానంతరము ఇట్టి వీరుల కథలకు గిరాకి తగ్గెను. కాగడా కూడ ఆరెను.

1961లో స్టాన్ లీ, జాక్ కర్బీ అనువారు ‘ఫెంటాస్టిక్ ఫోర్’ అను కొత్త కథామాలను ఆరంభించిరి. అందులో జానీ స్టార్మ్ అను యువకుడు మంటలతో ఎగురును. అతనికి పెట్టిన పేరు మరల హ్యూమన్ టార్చ్. పాత్ర కొత్తది, పేరు బర్గోస్ పాత్రది. 1964లో బర్గోస్ పెంకుపురుగును గీసినది ఈ కొత్త కాగడాకు శత్రువుగానే. తన చేత పుట్టిన పేరు మరియొకని తలపై కిరీటమై యుండగా, ఆ మరియొకని బొమ్మనే ఆయన పుటకింత యను కూలికి గీసెను. నేర్పుండియు గుర్తింపు లేని పనివాని కథకు బొమ్మలు గీసినది, తన సృష్టిపై తనకే హక్కు లేని పనివాడు. ఇది తలచి చేసిన పోలిక అని చెప్పుటకు ఆధారము లేదు. కాని తెలిసి చదువువారికి ఆ పోలిక కనబడక మానదు.

ఆ దినములలో బొమ్మల కథల వ్యాపారము నడచిన తీరు అట్టిది. రచయితకు, చిత్రకారునికి పని మేరకు ప్రతిఫలము ముట్టును. పాత్రయు, పేరును ప్రచురణకర్త సొత్తు. బర్గోస్ 1960ల దశకమున తన కాగడాపై హక్కు కొరకు న్యాయమార్గము పట్టెను. ఆ హక్కు ఆయనకు దక్కలేదు. 1966లో వెలువడిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వార్షిక సంచికలో పాత కాగడాను మరల బయటికి తెచ్చి, కొత్త కాగడాతో పోరాడించి, కథాంతమున వానిని చంపివేసిరి. బర్గోస్ 1984లో మరణించెను. ఆయన గీసిన పెంకుపురుగు మాత్రము బ్రదికియున్నది.

చెరసాల నుండి విడుదలయైన జెంకిన్స్, 1965 ఫిబ్రవరి తేదీ గల ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 21వ సంచికలో మరల కాగడాపై పగ తీర్చుకొనబోయి, స్పైడర్‌మాన్ చేత చిక్కెను. నాటి నుండి ఆ సాలెపురుగు వీరుడే అతనికి ముఖ్య శత్రువు. కవచములు మారినవి, ఓటమి మారలేదు. 1986లో ‘సినిస్టర్ సిండికేట్’ అను కిరాయి ముఠాను కూర్చి దానికి నాయకుడయ్యెను. పనితనము కీర్తి తేనందున, ఇతరుల పనితనమును అద్దెకిచ్చు యజమానిగా మారెను. యజమానుల నిరాదరణకు గురియైన పనివాడు తానే యజమానియైన పిమ్మట ఏమి చేసెనో చూడుడు. 1981 నాటి ఒక కథలో స్పైడర్‌మాన్ బలాబలములు తెలిసికొనుటకై, ‘రింగర్’ అను ఒక చిన్న దొంగను బలవంతముగా పోరునకు తోలియుండెను. ఆ రింగర్ భార్యయే లైలా డేవిస్. తరువాత వేరొకరి తుపాకికి భర్త బలియయ్యెనని నమ్మిన లైలా, దీనికంతకు మూలము బీటిల్ అని తలచి, 1991 నాటి కథలో పగబట్టి అతని ముఠాలోనే చేరెను.

1997లో కథ ఊహింపని మలుపు తిరిగెను. కర్ట్ బ్యూసియెక్ రచించి, మార్క్ బాగ్లీ బొమ్మలు గీసిన ‘థండర్‌బోల్ట్స్’ మొదటి సంచికలో, పెద్ద వీరులందరు మరణించిరని ప్రజలు శోకించుచున్న సమయమున, ఒక కొత్త వీరబృందము ప్రత్యక్షమయ్యెను. చివరి పుటలలో ముసుగులు తొలగినవి. వారందరు పాత దుష్టులే! ప్రజల నమ్మకమును దొంగిలించుటకు వేసిన వేషములవి. అందులో ‘మాక్ వన్’ అను పేరుతో ఎగురువాడు జెంకిన్స్. కాని వీరుని వేషము వేసిన పిమ్మట, కాపాడబడినవారు చేతులు జోడించిన పిమ్మట, వానిలో కొందరికి ఆ వేషమే నిజము కాదగునని తోచెను. జెంకిన్స్ వారిలో ఒకడు. అతడు జీవితమంతయు కోరిన గుర్తింపు, నేరము మానిన నాడు గాని దొరకలేదు.

రచయితలు ఇక్కడ సులువైన దారి పట్టలేదు. ఆ బృందమునకు నాయకత్వము వహింపవచ్చిన హాకై అను వీరుడు ఒక నియమము పెట్టెను: బీటిల్‌గా ఉన్నపుడు చేసిన హత్యకు జెంకిన్స్ శిక్ష అనుభవింపవలెను. అతడు ఒప్పుకొని తానుగా చెరసాలకు నడచెను. పేరు మార్చుకొన్నంత మాత్రమున పాత పేరు చేసిన అప్పు తీరదు. ఈ కథామాల మొత్తములో అంతకంటె బరువైన ఘట్టము లేదని చెప్పవచ్చును. అతడు ఆ తరువాత కొత్త కవచము ధరించినప్పుడెల్ల మాక్ అను పేరు ప్రక్కన అంకె పెరుగుచు వచ్చెను. పురుగు పేరు విడిచినవాడు అంకెలతో సరిపెట్టుకొనెను.

అతడు విడిచిన పేరు ఖాళీగా నుండలేదు. 2001 నాటికి ‘రిడీమర్స్’ అను పాపపరిహార బృందమున బీటిల్ కవచము ధరించి నిలిచినది లైలా డేవిస్. ఎవనిని చంపదలచెనో వాని పేరే ఆమె పేరైనది. కాని ఆమెకు కాలము కలసిరాలేదు. గ్రావిటాన్ అను బలవంతుని చేత ఆ బృందములో పలువురు హతులైరి. ఆమెయు వారిలో ఉన్నది. తన్ను కాపాడవలసిన పెంకులోనే ఆమె కథ ముగిసెను.

2010లో ‘కాప్టెన్ అమెరికా’ కథలలో మూడవ బీటిల్ కనబడెను. ఆమె జానిస్ లింకన్. ‘టూంబ్‌స్టోన్’ అను పేరుమోసిన నేరస్థుని కుమార్తె. న్యాయశాస్త్రము చదివి వృత్తి చేసినది. 2013లో నిక్ స్పెన్సర్, స్టీవ్ లీబర్ ఆరంభించిన ‘సుపీరియర్ ఫోస్ ఆఫ్ స్పైడర్‌మాన్’ కథామాలలో ఆమె స్వభావము పూర్తిగా తెలియవచ్చును. అది ఓడిపోవు దొంగల హాస్యకథ. ముఠా మొత్తమునకు కొంత తెలివి గలది ఆమెయే. జెంకిన్స్ వలె ఆమెకు గుర్తింపు కరవు లేదు. లైలా వలె పగయు లేదు. ఆమె చేతిలో పట్టా ఉన్నది, ముందు మంచి జీవితమున్నది. అయినను ఆమె నేరమును కోరి ఎన్నుకొన్నది. 1964లో నేరమునకు కారణము అవమానము, 1991లో దుఃఖము, 2013 నాటికి అది ఒక వృత్తి. పేరొక్కటే యైనను, దాని క్రింద మనుష్యుని గురించి కథకులు వేసికొన్న ప్రశ్న మూడుమార్లు మారినది.

ఇక్కడ వీరుల పక్షపు పెంకుపురుగును పోల్చి చూడవలెను. 1939లో పుట్టిన బ్లూ బీటిల్ పేరును మొదట డాన్ గారెట్ ధరించెను. 1966లో స్టీవ్ డిట్కో సృష్టించిన టెడ్ కార్డ్ రెండవవాడు. స్పైడర్‌మాన్ చేత జెంకిన్స్‌ను పట్టించిన 1965 నాటి బొమ్మలును ఆ డిట్కో గీసినవే. మరణించుచున్న గారెట్ తన కార్యమును కార్డ్‌కు అప్పగించినట్లు కథ. 2006లో జైమే రేయస్ అను బాలుడు మూడవవాడయ్యెను. వీరుల పేరు దీపము నుండి దీపము వెలిగించినట్లు సంక్రమించును. దుష్టుల పేరు దారిలో పడిన చొక్కా వంటిది. చలి వేసినవాడు తీసి తొడుగుకొనును. జెంకిన్స్ ఎవరికిని తన పేరు ఇచ్చిపోలేదు. దానిని వదలించుకొనుటకే చెరసాలకు పోయెను.

రెండు పక్షములందును పేరు నిలుచుటకు కథకు వెలుపల ఒక కారణమున్నది. మనుష్యులు మారినను జనమెరిగిన పేరుకు వెల తరుగదు. సంస్థకు అది స్థిరాస్తి. వాడుచున్నంత కాలము దానిపై హక్కు బలపడును. అందుచేత పాత్ర చచ్చినను పేరును చావనీయరు. మన నాటక సమాజములలో పాత కిరీటమును పెట్టెలో భద్రపరచి కొత్త నటునికి పెట్టినట్లు, ఆ పేరును మరియొకరి తలపై పెట్టుదురు. దోషము వ్యాపారములో లేదు. కిరీటమును చేసిన కంసాలిని మరచుటలో ఉన్నది.

నేడు ఆ కథల మొదటి పుటలలో రచయితల పేర్లు, చిత్రకారుల పేర్లు స్పష్టముగా అచ్చగుచున్నవి. ఇది కార్ల్ బర్గోస్ వంటి వారు చాలమంది పోగొట్టుకొన్న పిమ్మట వచ్చిన మార్పు. జానిస్ లింకన్ రెక్కలు విప్పి ఎగురునపుడు, ఆ రెక్కలను మొదట ఊహించినవాడు ఒక కర్మాగారపు పనివాడని కథ చెప్పును. వానిని మొదట కాగితముపై గీసిన పనివాడు మరియొకడు కలడని చెప్పవలసినది మనము. 1940లో రేడియో ముందు నిలిచి, పెంకుపురుగునకు గొంతు నిచ్చి, తన పేరు వినిపింపకయే వెడలిపోయిన ఆ రెండవ నటునికి కూడ మనము అంతే ఋణపడి యున్నాము.