ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరు

గుండ్లకమ్మ నదీ పరిసరములందలి నల్లరేగడి సీమలో తరతరములుగా పెంపబడుచు, ధవళకాంతియు, ఉన్నతమైన మూపురమును, వ్రేలాడు గంగడోలును, కురుచ కొమ్ములును గల పశుజాతిని మనవారు ఒంగోలు జాతి యందురు. ఆ జాతియే సముద్రములు దాటి బ్రెజిలు దేశమున స్థిరపడి, 'నెలోర్' అను నామాంతరమును దాల్చినది.

ఇందుకు హేతువు మన జిల్లాల చరిత్రమునందే కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ పశువులు ఓడలెక్కునాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. ఆంగ్లేయాధికారులును నెల్లూరు జాతి యనియే వ్రాసిరి. 1904లో ఆ తాలూకా గుంటూరు జిల్లాలో చేరినను, 1970లో ఒంగోలే కొత్త జిల్లాకు కేంద్రమైనను, విదేశమున నాటుకొన్న పేరు మారలేదు. ఇండొనీషియాలోని సుంబా ద్వీపమున మాత్రము ఒంగోలు నామమే నిలిచినది.

నామమువలెనే వినియోగమును భేదించినది. బ్రెజిలువారికది ప్రధానముగా మాంసమునకై పెంచు పశువు. మన రైతునకో, ఆవు పాడినిచ్చునది. ఎద్దు ఒకప్పుడు రేగడిలో లోతుదుక్కి దున్ని, కపిలతో బావినీరు తోడి, ధాన్యపు బండ్లను లాగెడిది. గిత్త తిరునాళ్ల బండలాగుడు పందెములలో యజమాని పేరు పదియూళ్ల వినిపించునది.