కరవునాటి సూపు, నేటి వంటయిల్లు



మనము చారనియు, కట్టనియు, గంజియనియు వేరువేరుగ పిలుచు వానినన్నిటిని ఇంగ్లీషువారు సూపు అను నొక్క మాటతో సరిపెట్టుకొందురు. సంస్కృతమున దానికి యూషమని పేరు. లాటిను భాషలో చారును తెలుపు ‘యూస్’ అను పదము ఈ యూషమునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున సూపును గూర్చి తెలుగు పండితుడు మాటలాడుట అంత వింత కాదు.

1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరునకు తెగులు సోకెను. అచ్చటి బీదలకు ఆ దుంపయే అన్నము. మరుసటి యేడును పంట పోయెను. జనులు వేలకొలదిగ చచ్చుచుండగా, 1847లో ప్రభుత్వమువారు సూపు పంచుటకై చట్టము చేసిరి. ఆ వేసవిలో దినమునకు సుమారు 30 లక్షల మంది ఆ సూపుతో ప్రాణములు నిలుపుకొనిరి.

లండనులోని రిఫారం క్లబ్బున పెద్ద వంటవాడు అలెక్సిస్ సోయరు అను ఫ్రెంచివాడు. అతడు డబ్లినునకు పోయి 1847 ఏప్రిల్ 5వ తేదీన ఒక పాకశాలను తెరచెను. గంట కొట్టగనే నూరుమంది లోనికి రావలెను. గొలుసుతో కట్టిన చెంచాలతో త్రాగవలెను. మరల గంట వినగనే వెలికి పోవలెను. వేలమందికి పెట్టవలసినచో క్రమము వలయుననుట నిజమే. అయినను ఆకలిగొన్నవాని చేతి చెంచాకు గొలుసు వేయుట నాకు మింగుడు పడదు. విస్తరి ముందు కూర్చున్నవానిని లేపరాదని గదా మనవారి మర్యాద!

అతని మొదటి సూపు పాళ్ళు ఇవి. నీరు రెండు గాలనులు, అనగా 9 లీటర్లు. యవలు అర పౌను, పిండి అర పౌను. రెండును కలిసి 450 గ్రాములు. మాంసము పావు పౌను, క్రొవ్వు రెండు ఔన్సులు, ఉప్పు మూడు ఔన్సులు, చక్కెర అర ఔన్సు. ఇవి గాక ఉల్లి మున్నగు కూరలు. మూడు గంటలు సన్నని సెగపై కాచవలెను. కూరల తొక్కలను, ఆకుపచ్చని కాడలను పారవేయవద్దని అతడు గట్టిగ చెప్పెను. ఇది మెచ్చదగిన మాట.

అయితే లెక్క చూడుడు. లీటరు సూపునకు ధాన్యము 50 గ్రాములే, అనగా గుప్పెడు. లాన్సెట్ అను వైద్యపత్రిక ఈ సూపున బలము చాలదని ఆనాడే ఆక్షేపించెను. రుచి యొకటి, పుష్టి యొకటి. ముప్పది సంవత్సరములకు ఇట్టి తగవే మన చెన్నపురి రాజధానిలో లేచినది. 1877 నాటి కరవున రిచర్డు టెంపులు దొర కూలివానికి దినమునకు ఒక పౌను, అనగా 450 గ్రాముల ధాన్యము చాలుననెను. ఆరోగ్యశాఖాధికారియగు డాక్టరు కార్నిషు చాలదని పోరాడెను. బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు సీమలు ఆ కరవు నెరిగినవే.

ఇక నేటి వంటయింటికి వత్తము. మా యింట మాంసము లేదు గనుక దాని స్థానమున పప్పును పెట్టితిని. నలుగురికి యవలు 100 గ్రాములు, పెసరపప్పు 100 గ్రాములు, నీరు రెండు లీటర్లు. ఇట్లు సోయరు పాలునకు రెట్టింపు గింజ పడినది. యవలను ముందటి రాత్రియే నానవేయవలెను. ఉల్లిపాయలు రెండు, క్యారెట్లు రెండు, ముల్లంగి యొకటి, గుప్పెడు ఉల్లికాడలు తరిగి, రెండు చెంచాల నేతిలో మగ్గించి, అన్నియు ప్రెషరు కుక్కరులో వేసినచో మూడు గంటల పని అరగంటలో తీరును. ఈ కుక్కరునకు తాతయగు ఆవిరిపాత్రను కూడ ఫ్రెంచివాడే, డెనిస్ పపిన్ అనువాడు, 1679లో చేసెను. పప్పే చిక్కదనమిచ్చును గనుక పిండి అక్కరలేదు. క్యారెట్టు తీపి ఉన్నది గనుక చక్కెర వలదు. మిరియాలపొడి మాత్రము మన వంతు. అది లేనిది మా కోడలు దానిని సూపని ఒప్పుకొనలేదు.

ఉప్పు సంగతి వినుడు. సోయరు పాళ్ళలో లీటరునకు 9 గ్రాములకు మించి ఉప్పు పడుచున్నది. మనిషికి దినమంతటికిని 5 గ్రాములకు లోపుగ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రక్తపు పోటు గల మన యీడువారు పై కొలతకు ఒక చిన్న చెంచాడు మించనీయరాదు. చాలదనిపించిన నిమ్మరసము పిండుకొనవచ్చును. తొక్కలు వాడువారు వానిని మూడు నీళ్ళ కడుగవలెను. నేటి పైరుపై పురుగుమందు చల్లుచున్నారు. మిగిలిన సూపు చల్లారి గట్టిపడును. వేడినీరు పోసి మరల ఒక పొంగు రానిచ్చి త్రాగవచ్చును.