గీత నుండి కొయ్యబొమ్మ

పెద్దలారా, బాలుడు బొగ్గుతో గోడపై గీచిన గుఱ్ఱమునకు రెండే కాళ్లుండవచ్చును. గోడకు అవి చాలును. కొయ్యగుఱ్ఱము రెంటిపై నిలువదు. గీతకు లేని ఆవలిప్రక్కను కల్పించు ఈ విద్య జనగామకు సమీపమందలి చేర్యాల నకాషీలకు తరతరములుగా తెలిసినదే.

వారు నూలుగుడ్డపై కులపురాణములను పటములుగా వ్రాయుదురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందెచ్చులవారికి మాత్రము బొమ్మలు కావలసెను. కథ నడచుకొలది ఒక్కొక్క వీరుని ఎదుట నిలుపవలెను గదా! కావున పటమునందలి రూపమే దారురూపమయ్యెను. తేలికయగు పొనికి కఱ్ఱను చెక్కి, ఱంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దను మెత్తి, ఎండనిచ్చి, సుద్ద పూసి, పిమ్మట రంగులు వేయుదురు. ఉలికి లొంగని ముక్కును, మీసమును ఆ ముద్దయే తీర్చును. కన్నులు పటమునందువలెనే మిక్కిలి పెద్దవి. ఇదియే నాకు నచ్చినది. పిల్లలు గీచు కన్నులును అట్టివే.

2016లో చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరినది. పని కొలది కుటుంబములయందే నిలిచినది. కథకులు తఱిగినందున వారిపుడు ముసుగులు, చిన్నబొమ్మలు చేసి అమ్ముచున్నారు. మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలారా, మీ యూరికి మందెచ్చులవారు వచ్చినచో పెట్టె తెఱపించి, ఆ బొమ్మలను మీ మనుమలచే గీయింపుడు.