రాహువు లెక్క, కృష్ణబిలం జాడ

సూర్యచంద్రులను మింగే, తాను మాత్రం కంటికి కనబడని గ్రహంగా రాహువును తెలుగు పంచాంగం వందల ఏళ్లుగా లెక్కిస్తూ వచ్చింది. వెలుగును సైతం బయటికి పోనివ్వని కృష్ణబిలం భౌతికశాస్త్రంలో అడుగుపెట్టింది గత శతాబ్దిలోనే. రెండింటినీ ఒకే గాటన కట్టి, మన పూర్వులకు కృష్ణబిలాలు ముందే తెలుసనే మాట ఉపన్యాసాల్లో వినబడుతూ ఉంటుంది. చరిత్ర అందుకు ఒప్పదు. పూర్వుల అసలు గొప్పతనం మింగే పాము కథలో లేదు. ఫలానా ఘడియకు గ్రహణం పడుతుందని ముందే చెప్పి, తమ లెక్కను ఆకాశం ముందు పరీక్షకు పెట్టిన తెగువలో ఉంది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం సూర్యుణ్ణి కప్పేది చంద్రుడని, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని చెప్పింది. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని తప్పుపట్టాడు. రాహువు లేడంటే వేదస్మృతులకు విరోధమని ఆయన వాదన. తీరా గ్రహణాన్ని లెక్కగట్టాల్సి వచ్చేసరికి ఆయనా ఆ నీడనే ఆశ్రయించాడు. ఇంతటి గణకుడు ఇలా రెండు నాలుకలతో మాట్లాడటమేమిటని 11వ శతాబ్దిలో అల్‌బిరూనీ విస్తుపోయాడు. సిద్ధాంతులు మాత్రం ఆ రాజీతోనే సర్దుకున్నారు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఖండించుకునే రెండు బిందువులకు రాహుకేతువులని పేరు పెట్టి, అవి సుమారు 18.6 ఏళ్లకొకసారి ఆకాశాన్ని వెనక్కి చుట్టివస్తాయని గణించారు. ఆంధ్రదేశంలో మల్లికార్జున సూరి 12వ శతాబ్దిలోనే సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు. పురాణంలో రాక్షసుడి తలగా ఉన్న రాహువు గణితంలో ఉత్త బిందువు.

జనం ఆచారం పురాణాన్నే పట్టుకుంది. రాజురా నుంచి ఆసిఫాబాద్ వెళ్లే దారిలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న లక్కడ్‌కోట్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. రాజురా తాలూకా నిజాం పాలనలో ఆదిలాబాద్ జిల్లాలో భాగం; 1959లో చాందా జిల్లాలో, అంటే నేటి చంద్రపూర్‌లో, కలిసింది. ఇక్కడ తెలుగు, మరాఠీ, గోండీ కలిసి వినబడతాయి. తెలుగు, మరాఠీ పంచాంగాలు రెండూ అమావాస్యతో నెల ముగించేవే కాబట్టి ఉగాది, గుడి పాడ్వా ఒకే రోజు వస్తాయి. గ్రహణం పట్టు విడుపులకూ పెద్ద తేడా ఉండదు. పట్టు స్నానం, విడుపు స్నానం, ఊరగాయ జాడీల మీద గరిక, గర్భిణి గడప దాటితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందన్న భయం తెలుగిళ్లలో తరతరాల మాట.

వీటిలో రోకలి ఆచారం చూడదగ్గది. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ రోకలిని నిటారుగా నిలబెడతారు. పట్టు ఉన్నంతసేపూ అది నిలుస్తుందని, విడుపు కాగానే పడిపోతుందని నమ్మకం. అడుగు చదునుగా ఉండి, బరువు సమంగా ఉన్న రోకలి ఏ మంగళవారమైనా నిలబడుతుందని హేతువాద సంఘాలు, జన విజ్ఞాన వేదిక వంటివి ఊళ్లలో నిలబెట్టి చూపిస్తూ వచ్చాయి. గ్రహణం లేని రోజున నిలబెట్టి చూడాలన్న ఆలోచన రావడమే ఇక్కడ సగం శాస్త్రం.

పంచాంగాన్ని లోపలి నుంచే సరిదిద్దిన వారూ ఉన్నారు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని నిజాం రాజ్యంలోని వనపర్తి నుంచి పరిశీలించాడు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటంలో చూసి, అవి మండే వాయువులని గుర్తించాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. రఘునాథాచారి దృగ్గణిత పంచాంగాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దృక్కుకు, అంటే చూపుకు, సరిపోని గణితాన్ని మార్చుకోవాలన్నదే దాని సూత్రం. పండుగ తేదీల మీద దృగ్గణితానికీ పూర్వ పద్ధతికీ నడిచే తగువు తెలుగునాట ఇంకా తెగలేదు.

కృష్ణబిలాల విషయంలో ఈ ప్రాంతపు వాటా నమ్మకాల జాబితాలో కాదు, కొలతల చిట్టాలో దొరుకుతుంది. 1916లో ష్వార్జ్‌షిల్డ్ ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలకు కృష్ణబిలం వైపు దారితీసే ఒక పరిష్కారం చూపాడు. 1930లలో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక హద్దు దాటిన నక్షత్రశవం శ్వేత కుబ్జంగా మిగలలేదని చూపాడు. అప్పటికి ఇదంతా కాగితం మీది మాటే. ఆకాశంలో జాడ దొరకాలంటే ఎక్స్ కిరణాలు చూడాలి. వాటిని వాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి పరికరాన్ని పైకి పంపాలి. టాటా మౌలిక పరిశోధన సంస్థ ఇందుకు హైదరాబాద్‌ను ఎంచుకుంది. సన్నని ప్లాస్టిక్ పొరతో చేసిన భారీ బెలూన్లలో హైడ్రోజన్ నింపి వదిలితే, అవి 30 కిలోమీటర్ల పైకి పోయి గంటల తరబడి తేలుతాయి. పని ముగిశాక పరికరాల పెట్టె గొడుగు కట్టుకుని ఏ జొన్నచేలోనో దిగుతుంది. పెట్టెను ముట్టుకోవద్దని, కబురు చెబితే బహుమతి ఇస్తామని దాని మీద స్థానిక భాషల్లో రాసి అంటిస్తారు.

1971లో ఇలా హైదరాబాద్ నుంచి ఎగిరిన పరికరం హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 అనే వస్తువు నుంచి వచ్చే ఎక్స్ కిరణాల తీవ్రత చకచకా మారడాన్ని నమోదు చేసింది. ఆ మార్పు ఎందుకు ముఖ్యమంటే, ఒక వస్తువు వెలుగు సెకనులో మారిపోతే అది మూడు లక్షల కిలోమీటర్ల కంటే పెద్దది కాజాలదు. కాంతి సెకనులో పోగలిగేది అంతే. ఆ చిన్న వస్తువుకు జంటగా ఒక భారీ నక్షత్రం 5.6 రోజులకొకసారి తిరుగుతోందని దూరదర్శినుల వాళ్లు తేల్చారు. ఆ కదలికను బట్టి బరువు కడితే న్యూట్రాన్ తార మోయగల హద్దు దాటింది. మిగిలిన ఒకే దారి కృష్ణబిలం. దాన్ని ఎవరూ చూడలేదు. పక్కన ఉన్నవాటి నడక దాన్ని పట్టించింది.

ఇదే వరుసలో ఎక్స్ కిరణాలను గమనించే ఉపగ్రహాలు ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న, ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరాయి. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు రాకెట్ నమూనాతో తిరుమల వెళ్లడం, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం పరిపాటి. దీనిపై విమర్శ ప్రతిసారీ వస్తుంది. పూజ ఫలం లెక్కల్లోకి చేరనంతవరకు శాస్త్రానికి వచ్చిన లోటు లేదు; ప్రజాధనంతో నడిచే సంస్థ ఒక మతాచారాన్ని ముందుకు తేవచ్చునా అన్నది వేరే ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే.

ఒకనాడు నిజాం ఏలుబడిలో ఉన్న మరాఠ్వాడాలో, నేటి హింగోలి జిల్లాలోని ఔంఢా దగ్గర, గురుత్వ తరంగాలను పట్టే లైగో-ఇండియా వేధశాలకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఔంఢా నాగనాథ్‌ను అక్కడి భక్తులు ద్వాదశ జ్యోతిర్లింగాల్లో ఒకటిగా కొలుస్తారు. గుడి వెనక్కి పంపితే భక్తకవి నామదేవుడు అక్కడే కూర్చుని పాడాడని, గుడే ఆయన వైపు తిరిగిందని స్థలపురాణం; నంది వెనుకవైపు ఉండటాన్ని అందుకు సాక్ష్యంగా చూపుతారు. లైగో అడిగే సాక్ష్యం మరోలా ఉంటుంది. నాలుగేసి కిలోమీటర్ల రెండు గొట్టాల్లో లేజర్ కిరణాలు పోయి వస్తాయి. దూరంలో కృష్ణబిలాలు ఢీకొంటే ఆ పొడవులో ప్రోటాన్ మందం కన్నా ఎన్నో రెట్లు చిన్నదైన తేడా వస్తుంది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు కేంద్రాలు తొలిసారి ఆ తేడాను పట్టాయి. వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు చోట్లా ఒకే ఆకారపు సంకేతం సెకనులో వందో వంతు కూడా తేడా లేకుండా నమోదయ్యాకే, అదీ నెలల పరిశీలన తరువాత, 2016 ఫిబ్రవరి 11న సంగతి ప్రకటించారు. ఔంఢా కేంద్రం వాటికి తోడైతే, సంకేతం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో ఇంకా కచ్చితంగా చెప్పడానికి వీలవుతుంది.